గుండుసూదుల గొంతు

చిలక అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండేది కాదు. ఎవరి గొంతయినా ఒకసారి వింటే చాలు, ఇట్టే పట్టేసేది కాబట్టి పుట్టింట్లో ఆ ముద్దుపేరు పెట్టారు. పెళ్ళయ్యాక అది అత్తింటికీ వచ్చేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి, భర్త పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి ఫోన్ చేసి, వాళ్ళ యజమానురాలి గొంతుతో, "ఈ పూటకి చాలు, ఇంటికి వెళ్ళు బాబూ" అంది. అతను సంచీ తగిలించుకుని బయల్దేరాడు. యజమానురాలు తన ఎదురుగానే కూర్చుని ఉందన్న సంగతి వీధి మలుపు తిరిగాక గానీ అతనికి తట్టలేదు.

అలాంటి గొంతును ఊరికే పోనివ్వకుండా చిలక దాన్నే వృత్తి చేసుకుంది. మొదట్లో ప్రకటనలు, తర్వాత ఒక ఆస్పత్రి లిఫ్టు. "తలుపులు మూసుకుంటున్నాయి" అని ఆ లిఫ్టులో చెప్పేది చిలకే. మోకాళ్ళ నొప్పికని ఆ ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా ఆమె ఆడపడుచు లిఫ్టులో ఉన్నవాళ్ళందరికీ "మా మరదలే" అని చెప్పేది. ఎవరూ అడగకపోయినా చెప్పేది. అడగకపోయినా చెప్పడం ఆవిడ పద్ధతి.

ఆ ఆడపడుచు చిలక భర్తకు అక్క, చిలకకు వదిన. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి పెద్దచేసింది. పెళ్ళి చేసుకోలేదు; ఎవరైనా ఆ మాట ఎత్తితే కత్తెర చప్పుడు పెంచేది. మేడ మీద గది ఆవిడది, కింద ముందుగదిలో ఆవిడ కుట్టు మిషన్. వీధిలో అందరికీ టైలరమ్మ. కిటికీ పక్కన కూర్చుని, పెదవుల ఎడమ మూల గుండుసూదులు కరుచుకుని, కుడి మూల నుంచి మాట్లాడేది. ఏళ్ళ తరబడి అలవాటు కావడంతో సూదులు లేకపోయినా మాట ఆ మూల నుంచే వచ్చేది, కొంచెం నొక్కుకుని, కొంచెం సాగి. మొదలు మాత్రం ఎప్పుడూ ఒకటే.

"నాకెందుకులే గానీ, మీ పెద్దమ్మాయి ఇంత చిక్కిపోయిందేమిటి, పరీక్షల బెంగా?"

"నాకెందుకులే గానీ, మీ ఆయన గొడుగు పట్టుకుని వెళ్ళాడు. వాన రాదని చెప్పలేకపోయావా?"

ఇంతకీ తనకెందుకో ఆవిడా ఎప్పుడూ చెప్పలేదు, వీధిలోవాళ్ళూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక ఆడియో నాటకాల సంస్థ వారంవారం వచ్చే సీరియల్ ఒకటి మొదలుపెట్టింది. ఒక అపార్ట్‌మెంటు, అందులో నాలుగు కుటుంబాలు, వాళ్ళ తగువులు. రాసేదీ, తీసేదీ ఒకావిడే. ఆ దర్శకురాలు చిలకకు కొత్తగా అద్దెకు దిగిన టీచరు పాత్ర ఇచ్చింది. మంచి పిల్ల పాత్ర. మంచి పిల్ల కాబట్టి చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ లేదు. "అలాగేనండి", "ఫరవాలేదండి", అంతే. అదే రోజు, మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ఆరాలు తీసే పెద్దమ్మ పాత్ర వేయాల్సినావిడ గొంతు పట్టేసి రాలేదు.

"రెండు ముక్కలే, నువ్వే అనేసెయ్యి" అంది దర్శకురాలు.

చిలక మైకు ముందు నిలబడి నాలుగైదు గొంతులు ప్రయత్నించింది. ఏదీ అతకలేదు. నోరెండిపోయింది. అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరు ఆవులించాడు. అప్పుడు తనకే తెలియకుండా చేతిలోని పెన్ను మూత తీసి పెదవుల మూల పెట్టుకుని, "నాకెందుకులే గానీ" అంది. ఇంజనీరు ఆవులింత సగంలో ఆగిపోయింది.

ఆ మాట స్క్రిప్టులో లేదు. వచ్చే వారం నుంచి ఉంది. రెండు ముక్కల పెద్దమ్మకు పేజీలకు పేజీలు వచ్చాయి. కొన్నాళ్ళకు బస్సుల్లో, ఆఫీసుల్లో జనం "నాకెందుకులే గానీ" అంటూ ఒకరి సంగతులు ఒకరు అడగడం మొదలుపెట్టారు.

ఇంట్లో మాత్రం చిలక టీచరు పాత్ర సంగతొక్కటే చెప్పింది. అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. నాటకం చివర పేర్లు చదివేటప్పుడు ఎవరు ఏ పాత్ర వేశారో చెప్పరు కాబట్టి ఆ సగం బయటపడలేదు. భర్తకు మాత్రం మొదటి ఎపిసోడ్‌లోనే అర్థమైపోయింది. "ఇదేమిటి?" అన్నట్టు భార్య వైపు చూశాడు. "మాట్లాడకండి" అన్నట్టు ఆమె చూసింది. ఒకరికి తమ్ముడూ ఇంకొకరికి భర్తా అయిన మనిషికి మౌనం ఎంత అవసరమో అతనికి బాగా తెలుసు.

వదిన ఒక్క ఎపిసోడ్ కూడా వదిలేది కాదు. మిషన్ పక్కన ఫోను నిలబెట్టి, తొక్కుడు ఆపి మరీ వినేది.

"ఆ పెద్దమ్మ ఉంది చూశావూ, ఎవరింట్లో ఏం జరిగినా దూరిపోతుంది" అనేది చిలకతో. "అలాంటివాళ్ళని నేను గుమ్మం తొక్కనివ్వను."

"అవును వదినా" అనేది చిలక, నేల వైపు చూస్తూ.

"నాకెందుకులే గానీ, నీ టీచరు మరీ చప్పగా ఉందమ్మాయ్. ఆ పెద్దమ్మ వేసినావిడ దగ్గర కాస్త నేర్చుకోరాదూ?"

మన గొంతు మనకు లోపలి నుంచి ఒకలాగా, బయటివాళ్ళకు ఇంకొకలాగా వినిపిస్తుంది. ఊతపదం కూడా అంతే, అన్నవాళ్ళ చెవికి తగలదు. అందుకని వదినకు తట్టకపోవడంలో వింతేమీ లేదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. "మీరచ్చం ఆ పెద్దమ్మలా మాట్లాడతారండీ" అని ఒకరు, "ఏదీ, ఒక్కసారి అనండి" అని ఇంకొకరు. మొదట ఆవిడ చిరాకు పడింది. తర్వాత ఆలోచనలో పడింది. అంత పేరున్న నటిలా ఏ శిక్షణా లేకుండా తను మాట్లాడగలుగుతోందంటే తనలోనూ ఏదో ఉన్నట్టే కదా.

సీరియల్ మొదలైన రెండో ఏట ఆడియో నాటకాల సంఘం అవార్డులకు పోటీలో ఉన్న పాత్రల పేర్లు ప్రకటించింది. ఉత్తమ హాస్య పాత్రకు పెద్దమ్మ పేరు కూడా ఉంది. అవార్డుల సభకు కొన్నాళ్ళ ముందు గాత్ర నటన మీద ఒక వర్క్‌షాప్ పెడుతున్నామనీ, నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా రావచ్చనీ చెప్పారు.

"నేనందులో చేరుతున్నాను" అంది వదిన, భోజనాల దగ్గర.

చిలకకు ముద్ద గొంతులో అడ్డం పడింది. "వదినా, అక్కడ నేల మీద పడుకోబెడతారు. మీ మోకాళ్ళు..."

"పడుకోవడానికి మోకాళ్ళతో పనేముంది?"

"షాపు ఎవరు చూస్తారు మరి?"

"తలుపేసి వస్తాను. ఒరేయ్, నువ్వేమంటావు?"

తమ్ముడు నీళ్ళు తాగుతున్నాడు. గ్లాసులో నీళ్ళు అయిపోయాక కూడా కాసేపు తాగాడు.

వర్క్‌షాప్ గ్రంథాలయం పైహాల్లో జరిగింది. కుర్చీలు గోడవారకు నెట్టి, దుప్పట్లు పరిచారు. నేర్పడానికి వచ్చినాయన ఎన్నో నాటకాల్లో న్యాయమూర్తులకూ, పెద్ద డాక్టర్లకూ గొంతిచ్చిన మనిషి. చాటుగా అందరూ ఆయన్ని గంభీరం అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నచ్చింది కూడా. "ఆ కిటికీ మూయండి" అన్నా తీర్పు చెప్పినట్టే ఉండేది. మైకు సర్దడానికీ, ఎంత దూరంలో నిలబడాలో కొత్తవాళ్ళకు చూపించడానికీ సంఘంవాళ్ళు చిలకను పిలిచారు. రానంటే అనుమానం, వస్తే ప్రమాదం. చిలక వచ్చింది.

గంభీరం అందర్నీ వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చమన్నాడు. "కళ్ళు మూసుకుని చుట్టూ ఉన్న శబ్దాలు వినండి. ఏం వినిపిస్తోంది?"

"ఫ్యాను" అన్నారెవరో.

"నా గుండె" అన్నారింకొకరు.

"పక్కావిడ ఆకలి" అంది వదిన. "నాకెందుకులే గానీ, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చావా అమ్మా?"

హాలంతా కిసుక్కుమంది. నాలుగైదు తలలు పైకి లేచి, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికాయి. చిలక మైకు స్టాండు వెనక ఒదిగి నిలబడింది, అదేదో మనిషిని దాచేంత లావున్నట్టు.

తర్వాత ఒక్కొక్కరినీ మైకు ముందుకు పిలిచి ఒక్కో సందర్భం ఇచ్చాడు గంభీరం. వదినకు వచ్చింది ఇదీ: పక్కింటివాళ్ళ కుక్క తప్పిపోయింది, వాళ్ళను ఓదార్చాలి.

వదిన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంది. "నాకెందుకులే గానీ, గేటు తీసి ఉంచిందెవరు?" అని మొదలుపెట్టింది. "అన్నం సరిగ్గా పెట్టారా? కుక్క ఊరికే పోదు. మొన్న మీరిద్దరూ పోట్లాడుకున్నారు, అది వినే ఉంటుంది."

జనం చప్పట్లు కొట్టారు. గంభీరం మాత్రం చెయ్యెత్తాడు.

"ఆగండమ్మా. చాలా బాగా అనుకరించారు. కానీ ఇది పెద్దమ్మ గొంతు. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు ఇదే చేస్తున్నారు. నాకు కావలసింది మీ సొంత గొంతు."

"ఇదే నా సొంత గొంతు బాబూ."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. సొంత గొంతు లోతుల్లో ఉంటుంది. తవ్వుకోవాలి."

వదిన బుద్ధిగా తవ్వుకుంది. మొదట రైల్వే ప్రకటనలాంటి గొంతు ఒకటి వచ్చింది. తర్వాత జలుబు చేసిన పసిపిల్లలాంటిది వచ్చింది. మూడోది విని ముందు వరుసలో ఒకావిడ గబగబా మంచినీళ్ళు అందించింది.

"ఫరవాలేదు" అన్నాడు గంభీరం దయగా. "అసలుకీ నకలుకీ తేడా ఎలా ఉంటుందో మీకే తెలిసేలా చేస్తాను. పెద్దమ్మ పాత్ర వేసిన కళాకారిణి అదృష్టవశాత్తూ ఇక్కడే ఉంది. రామ్మా చిలకా. ఒక్కసారి వినిపించు."

హాలంతా చిలక వైపు తిరిగింది. వదిన కూడా తిరిగింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యంతో కూడిన సంతోషం.

"నువ్వా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం అమ్మాయ్?" అంది. "ఏదీ, కానియ్యి."

చిలకకు పారిపోవడానికి దారి లేదు. మైకు ముందుకు వచ్చింది. గొంతు రాలేదు. రెండోసారీ రాలేదు. ఇంతమంది చూస్తున్నారన్న కంగారులో చెయ్యి అలవాటు ప్రకారం జేబులోకి వెళ్ళింది, పెన్ను మూత తీసి పెదవుల ఎడమ మూల పెట్టింది. "నాకెందుకులే గానీ..."

వదిన ఆ పెన్ను మూత వైపు చూసింది. ఆవిడ వేళ్ళు మెల్లగా లేచి, తన పెదవుల ఎడమ మూలను తాకాయి, అక్కడ సూదులు ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు.

"విన్నారుగా తేడా?" అన్నాడు గంభీరం.

"విన్నాను బాబూ" అంది వదిన. వెళ్ళి తన దుప్పటి మీద కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఊపిరి పీల్చమంటే పీల్చింది, వదలమంటే వదిలింది. ఇంకేమీ అనలేదు.

బస్సులో కూడా అనలేదు. ఇంటికి వచ్చాక తమ్ముణ్ణి పిలిచింది.

"నేనలా మాట్లాడతానట్రా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెం ఎక్కువ."

"నీకు ముందే తెలుసా?"

"అందరికీ తెలుసక్కా."

"అయితే నన్ను చూసి ఊరంతా నవ్వుతోందన్నమాట" అని వదిన మేడమెట్లు ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు చిలక క్షమాపణ చెప్పుకోవడానికి పైకి వెళ్ళింది. ఏమేం చెప్పాలో దారిలో అనుకున్నదంతా వదిన మొదటి మాటతోనే ఆపేసింది. "అయ్యో, దానికేముందమ్మా, నీ పని నువ్వు చేసుకున్నావు" అంది. ఎంతో మర్యాదగా అంది. తిట్టి ఉంటే బాగుండేదనుకుంటూ చిలక దిగి వచ్చింది.

ఆ రోజు నుంచి వదిన ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. కొలతలు తీసుకునేది, ఎప్పటికి కావాలో అడిగేది, అంతే. వచ్చినవాళ్ళు కొలతలిచ్చాక కూడా ఇంకేదో మిగిలిపోయినట్టు గుమ్మంలో కాసేపు నిలబడి, చేసేది లేక వెళ్ళేవారు. బ్యాంకు గుమాస్తా భార్య చిలకను పక్కకు పిలిచి, "మీ వదినకి ఒంట్లో బాగోలేదా? మా అమ్మాయి పరీక్ష పాసైంది, ఎన్ని మార్కులని కూడా అడగలేదు" అని బాధపడింది.

రికార్డింగులోనూ అంతే. పెన్ను మూత పెట్టుకున్నా పెద్దమ్మ రావడం లేదు.

"ఏమయింది దీనికి?" అంది దర్శకురాలు హెడ్‌ఫోన్స్ తీసి. "పెద్దమ్మకి ఉన్నట్టుండి మర్యాద వచ్చిందేమిటి?"

అవార్డుల సభ దగ్గర పడింది. చిలక ఒక ఉపాయం ఆలోచించింది. లేత నీలం గుడ్డ తీసుకెళ్ళి వదిన ముందు పెట్టి, "సభకి డ్రెస్సు కుట్టాలి వదినా. బుట్ట చేతులు పెట్టండి" అంది. బుట్ట చేతులంటే వదినకు ఒళ్ళుమంట. ఆ మాట వింటేనే ఓ పూట క్లాసు తీసుకునేది.

"నీ ఇష్టం" అంది వదిన.

"పెద్ద బుట్టలు."

"నీ ఇష్టం."

చిలకకు పట్టుదల వచ్చింది. "మెడ దగ్గర పెద్ద బో ఒకటి. నడుం చుట్టూ కుచ్చులు. అంచుకి ఆకుపచ్చ పట్టీ."

వదిన మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. పెదవి కదిలింది.

"పట్టీ ఎంత వెడల్పు?" అని మాత్రం అడిగింది వదిన.

డ్రెస్సు సరిగ్గా అడిగినట్టే వచ్చింది. ఒక్క కుట్టు వంకర లేదు. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, వానలో తడిసి ఉబ్బిన సోఫాకి కాళ్ళూ చేతులూ వచ్చినట్టుంది. భర్త చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశాడు. "వెళ్దామా?" అన్నాడు. పాపం, అంతకన్నా ఏమనగలడు.

వదిన సభకు రానంటుందేమోనని చిలక భయపడింది. కానీ ఆవిడ అప్పటికే తయారై గుమ్మంలో నిలబడి ఉంది. "లిఫ్టు కాలం నుంచీ నీ గొంతు వింటున్నాను. అవార్డొస్తుంటే ఇంట్లో కూర్చుంటానా?" అంది, మర్యాదగానే.

సభ మొదలవగానే మైకు కీచుమంది, తర్వాత పూర్తిగా పోయింది. అక్కడున్నవాళ్ళంతా గొంతు అమ్ముకుని బతికేవాళ్ళే కాబట్టి మైకు అక్కర్లేదని ఒకరి తర్వాత ఒకరు లేచి గట్టిగా చెప్పారు, దాంతో కాసేపు ఎవరి మాటా వినబడలేదు. అది బాగయ్యాక గంభీరం వేదిక ఎక్కాడు. ఉత్తమ హాస్య పాత్రకు పోటీలో ఉన్నవాటిని ఇప్పుడు వినిపిస్తామని చెప్పి, వినడానికి కళ్ళతో పని లేదు కాబట్టి దీపాలు ఆర్పేయమన్నాడు. చిలక పోటీలో ఉన్న మిగతావాళ్ళతో కలిసి వేదిక పక్కన నిలబడింది. వదిన, ఆమె తమ్ముడు మధ్య వరుసలో కూర్చున్నారు.

చీకట్లో మొదట పెద్దమ్మ గొంతు వచ్చింది. కొత్తగా దిగిన కాపురాన్ని మెట్ల మీద ఆపి, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎంతమంది, ఆ పెద్ద పెట్టెలో ఏముంది అని అడిగే సన్నివేశం. జనం పగలబడి నవ్వారు. వదిన కుర్చీలో బిగుసుకుపోయింది. అప్పుడు ఆవిడ పక్క కుర్చీలోని ఎవరో ఆడమనిషి తన భర్తతో మెల్లగా అనడం వినబడింది.

"మన మెట్ల దగ్గర ఇలాంటావిడ ఒకరుంటే ఎంత బాగుండునండీ. మనం దిగి ఏడాది కావస్తోంది. మీరెవరని ఒక్కరూ అడగలేదు."

వదిన ఆ మాటలు వచ్చిన వైపు తల తిప్పింది. చీకట్లో ముఖం కనిపించలేదు.

రెండోది ఒక తాగుబోతు పాత్ర. మూడోది మేక. ఒక పల్లెటూరి కథలో తప్పిపోయి, దొరికి, మళ్ళీ తప్పిపోయే మేక. దానికి గొంతిచ్చినాయన మందుల షాపు నడుపుతాడు. మేక ఆకలిగా అరిచింది, భయంగా అరిచింది, ఆఖరికి బెంగగా అరిచింది.

"ఉత్తమ హాస్య పాత్ర," అన్నాడు గంభీరం చీకట్లోనే, న్యాయమూర్తి గొంతుతో, "మేక."

చప్పట్లు మొదలయ్యే లోపు ఆ చిన్న నిశ్శబ్దంలో మధ్య వరుస నుంచి ఒక గొంతు లేచింది.

"నాకెందుకులే గానీ, మేకకి ఇచ్చారా? మేక మేకలా అరవడంలో గొప్పేముంది బాబూ? దానికి ఇంకోలా అరవడం వచ్చా?"

హాలు గొల్లుమంది. అందరూ అది చిలకే అనుకున్నారు. గంభీరం కూడా. "చిలకా, ఓటమిని హుందాగా తీసుకోవాలమ్మా" అన్నాడు.

"దాన్నంటారేమిటి? అది నోరు విప్పితేగా" అంది చీకట్లోని గొంతు. "రెండేళ్ళుగా ఆ పిల్ల గొంతు చించుకుంటోంది. ఆ పెద్దమ్మ ఏడిస్తే నేను మిషన్ ఆపి ఏడ్చాను. నాకు కోపం తెప్పించింది, నవ్వించింది. మేకని విని మీలో ఎవరేడ్చారో చేతులెత్తండి."

దీపాలు వెలిగాయి. చిలక నోరు మూసుకునే ఉంది. చెవులు మూసుకుందామన్నా బుట్ట చేతులు అడ్డం పడి చేతులు అంత దాకా లేవడం లేదు. మధ్య వరుసలో వదిన నిలబడి ఉంది. పక్కన తమ్ముడు, తనకీ మనిషికీ సంబంధం లేనట్టు కాదు, మొదటిసారిగా, మా అక్కే అన్నట్టు కూర్చుని ఉన్నాడు.

గంభీరం ఆవిణ్ణి గుర్తుపట్టాడు. కళ్ళు చికిలించి చూశాడు. "అమ్మా, అయితే అది నిజంగానే మీ సొంత గొంతా?"

"ఆవేళే చెప్పాను కదా. మీరే తవ్వమన్నారు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. అవి ఎవరికో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాటి మధ్యలోనే మందుల షాపాయన బెరుకుగా వచ్చి మేక అవార్డు అందుకున్నాడు. "ఆవిడన్నది నిజమేనండి" అన్నాడు మైకులో. "మాటలున్న పాత్ర ఎప్పుడూ ఇవ్వలేదు నాకు. కానీ బెంగ అరుపు కోసం మాత్రం చాలా కష్టపడ్డాను." వదినకు సిగ్గేసింది. సభ అయ్యాక వెతుక్కుంటూ వెళ్ళి, ఆ ఆఖరి అరుపుకి తనకూ గొంతు పట్టేసిందని ఒప్పుకుంది. ఆయన సంతోషంగా అక్కడే ఇంకోసారి అరిచి వినిపించాడు.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే తమ్ముడు నాలుగడుగులు ముందుకు వెళ్ళిపోయాడు. మౌనం ఎప్పుడు పాటించాలో తెలిసిన మనిషికి ఎక్కడ పాటించాలో కూడా తెలుస్తుంది.

"నాలో నీకు అదొక్కటే కనబడిందా?" అంది వదిన.

"ఆ రోజు మైకు ముందు నోరెండిపోయింది వదినా. ఎవర్ని చూసినా భయం లేకుండా మాట్లాడే మనిషెవరా అనుకుంటే మీరే గుర్తొచ్చారు."

"అడిగి ఉండాల్సింది."

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేదాన్ని కాదు." కాస్త దూరం నడిచాక అంది, "అయినా అడగాలి."

"తప్పే వదినా."

వదిన ఆ బుట్ట చేతుల వైపు చూసింది. ఇంక ఆపుకోలేకపోయింది. "ఏం మనిషివే నువ్వు? ఇలాంటిది కుట్టమంటే నేను కుట్టేసి ఇచ్చానే, చూసినవాళ్ళు నా చేతిపని గురించి ఏమనుకుంటారు? రేపు విప్పదీసి సరిచేస్తాను." చిలక నవ్వబోయి ఏడ్చింది. వదిన ఆ మెడ దగ్గరి బో కొసతోనే ఆమె కళ్ళు తుడిచి, ఇన్నాళ్ళకు దీనికో ఉపయోగం దొరికిందంది.

ఇంటి గుమ్మం దగ్గర ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అంది. "ఆ నాటకంలో ఒకటి నాకు నచ్చలేదు. పెద్దమ్మ ఇంటింటికీ వెళ్ళి అందర్నీ అడుగుతుంది, సరే. ఆవిడింటికి ఎవరూ వెళ్ళి అడగరేం?"

ఈ మాట చిలక దర్శకురాలికి చేరవేసింది. దర్శకురాలు మర్నాడే టైలరమ్మ షాపుకి వచ్చింది. సీరియల్లో పెద్దమ్మ ఇంటికి ఒక మనిషి వస్తుందనీ, ఆ మనిషి పాత్ర వదినే వేయాలనీ అడిగింది. వదిన కాసేపు బెట్టు చేసింది, కొలతలు తీసుకునే మిషతో దర్శకురాలి కుటుంబ వివరాలన్నీ రాబట్టింది, ఆ తర్వాత ఒప్పుకుంది.

రికార్డింగు రోజున ఇద్దరూ ఒకే మైకుకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. నాలుగు మాటలు అయ్యాయో లేదో ఇంజనీరు ఆపేశాడు.

"రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడం లేదు. ఒకరు మార్చుకోవాలి."

"నేనెందుకు మార్చుకోవాలి? నాకు పుట్టుకతో వచ్చింది" అంది వదిన. "దాన్ని మార్చుకోమనండి."

"నన్ను మార్చుకోమంటే ఎలా? ఇన్నాళ్ళుగా జనం విన్నది ఇదే" అంది చిలక. మొదటిసారి వదినకు ఎదురు చెప్పింది. వదిన ముచ్చటపడ్డట్టు చూసింది గానీ తగ్గలేదు.

దర్శకురాలు గొడవ సాంతం విని, స్క్రిప్టు తీసుకుని ఒక గీత కొట్టింది. వచ్చే మనిషి కొత్త పొరుగావిడ కాదు, పెద్దమ్మకు సొంత అక్క. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకేలా ఉంటే ఎవరూ తప్పుపట్టరు. ఇంజనీరు కూడా ఒప్పుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టారు. తలుపు చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు.

"ఎలా ఉన్నావే?" అంది వదిన. అక్క పాత్ర కదా, కొంచెం మెత్తగా అంది. "ఒంటరిగా ఎలా నెట్టుకొస్తున్నావు?"

ఇక్కడ పెద్దమ్మ గబగబా ఏదో అనాలి. కాయితం మీద నాలుగు లైన్లు ఉన్నాయి. చిలక వాటి వైపు చూసింది గానీ మాట పెగల్లేదు. ఆ ప్రశ్న తను ఎన్నడూ వదినను అడగలేదని ఆ క్షణాన తోచింది. ఇంజనీరు ఆపబోతే దర్శకురాలు వద్దని చేత్తో ఆపింది.

వదిన ఎదురుగా ఉన్న మరదలి ముఖం చూసింది. కాయితం పక్కన పెట్టేసింది.

"సరేలే, తర్వాత చెబుదువు గానీ" అంది. "ముందు లోపలికి పద, కాసేపు కూర్చుందాం."